అడక్కుండా ఇచ్చిన ఫోటో

"ఈ ఫోటో మనింట్లోంచి కాకపోతే ఎక్కణ్ణుంచి వెళ్లింది నాన్నా?"

పెద్దమ్మాయి పేపరు మడత విప్పి తండ్రి ముందున్న బల్ల మీద పరిచింది. బల్ల మీద అద్దముంది. అద్దం మీద కొలబద్ద ఉంది. ఆయన కొలబద్ద మీంచి చెయ్యి తీయలేదు. రెండో చేత్తో పేపరును కొంచెం పక్కకు జరిపాడు.

ముందు గదే ఆయన షాపు. ఫోటోలకు ఫ్రేములు కడతాడు. గోడల నిండా ఖాళీ ఫ్రేములు, వాటి మధ్య నిన్నటి వరకూ ఎవరెవరివో పెళ్లి ముఖాలు. ఈ పొద్దున ముగ్గురొచ్చి, ఇంకా కట్టని ఫోటోలు వెనక్కి తీసుకుపోయారు. మరోచోట కట్టించుకుంటామని చెప్పలేదు. ఊరికే చూసుకుంటామన్నారు.

"నిన్నే అడుగుతున్నా."

"వింటున్నా."

"వినడం కాదు. చెప్పు."

ఆయన కొలబద్ద ఒక గీత అటు జరిపాడు.

పేపర్లో ఫోటో అరచేతంత ఉంది. పదహారేళ్ల ముఖం. నూనూగు మీసం, మెడ దాకా గుండీ పెట్టిన తెల్ల చొక్కా, తప్పు చేసి దొరికిన చూపు. పైన పెద్ద అక్షరాలు: ‘ఆడవేషంలో ఉన్న యువకుడిపై కత్తెరతో దాడి’. దాని కింద చిన్నవి: ‘పాత పరిచయమే కారణమా?’ ఆ కింద ఇంట్లో పెట్టిన పాత పేరు, తండ్రి పేరు, ఈ ఫ్రేముల షాపు ఉన్న వీధి.

ఆ ముఖానికిప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఇంట్లో చిట్టి. బయట వీధి వీధంతా టైలరమ్మ. మొన్న మధ్యాహ్నం తన కుట్టు షాపులో మిషను మీద ఉండగా, వారం రోజులుగా ఫోన్ నెంబరు అడుగుతున్నవాడొకడు వచ్చి, ఇవ్వనంటే బల్ల మీది కత్తెర తీసి పొడిచాడు. కుడి చేతికి పద్నాలుగు కుట్లు.

చిట్టి ఇల్లు వదిలిన తొమ్మిదేళ్ల తర్వాత నిన్ననే తల్లి నోరు తెరిచి, నేను ఆస్పత్రికి వెళ్తానంది. తండ్రి కాదనలేదు. ఇవాళ పొద్దున్నే బయల్దేరాలి. సంచీ కూడా సర్దుకుంది. అంతలో పేపరొచ్చింది. పేపరు వెనకే కాజాలక్క వచ్చింది.

కాజాలక్క చిట్టి షాపులో కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. ఆస్పత్రిలో తోడున్నదీ తనే. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"పక్క మంచం ఆవిడ చదివి వినిపించింది," అని చెప్పింది. "అంతా విన్నది. పేపరు అడిగి తీసుకుని ఫోటో చూసుకుంది. ‘ఇది మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదక్కా. ఇంట్లోవాళ్లెవరొచ్చినా లోపలికి రానివ్వకు’ అంది. ఇక మీ ఇష్టం."

చెప్పులు కూడా విడవకుండా వెళ్లిపోయింది.

అప్పట్నుంచి తల్లి వంటింట్లోనే ఉంది. సంచీ ఆవిడ పక్కనే ఉంది. లోపల్నుంచి గిన్నె చప్పుడు కూడా లేదు.

"ఇవాళ కూడా పనేనా నాన్నా? ఎవరి ఫోటోకి ఈ అద్దం?"

"ఫోటోకి కాదు."

"ఆ పిల్ల చెయ్యి తెగి పడుంటే, నలుగురి నోళ్లలో నానుతుంటే, నీకు అద్దం కోసుకోవడానికి చేతులెలా వస్తున్నాయి? అప్పుడు గడప దాటి పోతుంటే ఆపలేదు. ఇప్పుడు ఎవడో వచ్చి అడిగితే మీసాల ఫోటో తీసి చేతిలో పెట్టావు. మా వాడు మగాడేనని ఊరందరికీ చూపించుకోవాలనా?"

ఆయన కోత ముల్లు తీసుకుని అద్దం మీద ఒక్క గీత గీశాడు. సన్నగా కీచుమంది. గీత కింద పెన్సిలు పెట్టి రెండు పక్కలా నొక్కాడు. అద్దం గీత మీదే విడిపోయింది.

"మాట్లాడవేం?"

"ఆయన్నెందుకంటావు," అంది తల్లి, వంటింటి గుమ్మంలోంచి. "నేనిచ్చాను."

పెద్దమ్మాయి తిరిగి చూసింది.

తల్లి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. తెల్లారి కట్టుకున్న మంచి చీర అలాగే ఉంది.

"నిన్న మీ నాన్న చెక్క కోసం వెళ్లినప్పుడు వచ్చాడు, ఆ పేపర్లో రాసే అబ్బాయి. మంచినీళ్లడిగాడు. ఇచ్చాను. కూర్చుని తాగాడు. అమ్మా, ఒక ఫోటో ఉంటే ఇవ్వండి, లేకపోతే ఆస్పత్రిలో రక్తంతో తీసింది వేస్తారు, అదేం బావుంటుంది అన్నాడు. నిజమే కదా అనిపించింది. బీరువా మీదున్న ఫ్రేము దింపి, మేకులూడదీసి ఇచ్చాను. నా దగ్గర ఇంకో ఫోటో ఏది?"

"పేరు కూడా నువ్వే చెప్పావా?"

"అడిగాడు. నేను పెట్టిన పేరు చెప్పాను." ఆవిడ గొంతు పెరగలేదు. "ఇంకో పేరు నాకెవరు చెప్పారు?"

పెద్దమ్మాయి పేపరు మడవసాగింది. మడత సరిగ్గా రాలేదు.

"నీకు తెలుసు," అంది తల్లి.

"తెలుసు."

"ఎన్నాళ్లనుంచి?"

"ఆరేళ్లు."

"కలుస్తున్నావన్నమాట."

"నెలకోసారి. నీకు చెప్తే నాన్నకి తెలుస్తుందని, నాన్నకి తెలిస్తే..." పెద్దమ్మాయి ఆగింది. "నీ జాకెట్లన్నీ అదే కుడుతోందమ్మా. మా వీధిలో టైలరని నీకు చెప్పేదాన్ని. ఆరేళ్లుగా నీ ఒంటి మీదున్నది దాని చేతి కుట్టే."

తల్లి తన జాకెట్ చేతి మొదట్లో ఉన్న కుట్టును రెండు వేళ్లతో పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉంది.

"పోయినసారి నువ్వు చేత్తో బిగించుకున్న జాకెట్ ఆదికి ఇస్తే, కొలిచి చూసుకుని, అమ్మ భుజం తగ్గింది, సరిగ్గా తింటోందా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"తింటోందన్నా."

"అబద్ధం చెప్పావు."

 వీధిలో ఎవరో సైకిలాపి, షాపు తెరిచే ఉందా అని లోపలికి తొంగి చూసి, వీళ్ల ముఖాలు చూసి, వెళ్లిపోయారు.

పెద్దమ్మాయి తండ్రివైపు తిరిగింది. "నీకు తెలుసా నాన్నా, అమ్మే ఇచ్చిందని?"

"ఫ్రేము వెనక మేకులు మళ్లీ కొట్టింది. మూడు వంకరపోయాయి. ఈ ఇంట్లో మేకు వంకరగా కొట్టేది ఎవరు?"

"మరి ఇందాకట్నుంచీ నాచేత తిట్లెందుకు తిన్నావు?"

"నాకైతే అరుగుతాయి."

పెద్దమ్మాయికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండూ మింగింది.

ఆయన కోసిన అద్దం అంచు ఆకురాయితో రుద్దుతున్నాడు. రుద్దుతూనే అన్నాడు.

"ఇది తలుపుకి."

"ఏ తలుపుకి?"

"అద్దం తలుపు పగిలిందని రాశారుగా. పొద్దున్నే వెళ్లి కొలుచుకొచ్చా. మూడడుగులకి వేలెడు తక్కువ." ఇంకో రెండు రుద్దులు రుద్దాడు. "రాత్రికి కుక్కలొస్తాయి. బట్టలున్నాయి లోపల, జనానివి."

తల్లి ఆయన వంక చూసింది. ఆయన చూడలేదు. పేపర్లో చిట్టి షాపు ఎక్కడుందో రాయలేదు. ఏ వీధిలోనో, ఎన్నో గుమ్మమో ఆయనకెలా తెలిసిందని ఇద్దరాడవాళ్లూ అడగలేదు.

తల్లి లోపలికెళ్లి సంచీ తీసుకొచ్చింది.

"ఆ పేపరాఫీసు ఎక్కడుందో చూపించు," అంది కూతురితో.

"ఏం చేస్తావమ్మా వెళ్లి? అచ్చయిపోయింది. ఇల్లిల్లూ తిరిగింది."

"రేపు కూడా వేస్తారు కదా పేపరు."

*

పేపరాఫీసు మందుల షాపు పైన, రెండు గదులు. తల్లి పొద్దుటి నుంచి మూడుసార్లు ఆ మెట్లెక్కింది. రిపోర్టరు కోర్టులో ఉన్నాడన్నారు, స్టేషన్లో ఉన్నాడన్నారు. సాయంత్రం అయిదున్నరకు దొరికాడు. రెండు ఫోన్లు ముందు పెట్టుకుని, మూడో చెయ్యి లేదే అన్నట్టున్నాడు. తల్లిని చూసి లేచి నిలబడ్డాడు.

"ఫోటో నేనే తెచ్చిద్దామనుకుంటున్నానమ్మా." సొరుగులోంచి కవరు తీసి ఇచ్చాడు. ఆవిడ తీసుకుని సంచీలో వేసుకుంది. తెరిచి చూడలేదు.

"కూర్చోండమ్మా."

"నిన్న నువ్వు మా ఇంట్లో కూర్చున్నావు కదా నాయనా. ఇవాళ నేను కూర్చుంటాను."

పెద్దమ్మాయి కూర్చోలేదు. పేపరు తీసి అతని ముందు పెట్టింది. "ఆడవేషం అంటే ఏంటి సార్?"

"స్టేషన్‌ నుంచి వచ్చిన నోట్‌లో ఎలా ఉందో అలా రాశాను మేడం. ఆధార్ కార్డులో పాత పేరే ఉందన్నారు. సొంతంగా ఒక్క ముక్క కలపలేదు."

"పాత పరిచయమే కారణమా అన్నది కూడా నోట్‌లో ఉందా?"

అతను తల గోక్కున్నాడు. "అది డెస్కువాళ్లు పెట్టారు. హెడ్డింగులు మా చేతిలో ఉండవు."

"నెంబరడిగితే ఇవ్వనంది. అదీ పరిచయం. మధ్యాహ్నం నాలుగింటికి, షాపులో ఇద్దరాడవాళ్లు కూర్చునుండగా జరిగింది. మీరు రాసింది చదివితే ఏ చీకట్లోనో, ఏ సందులోనో అనుకుంటారు జనం."

"ఆస్పత్రికి వెళ్లావా నాయనా?" అంది తల్లి.

"లేదమ్మా. స్టేషన్‌కి ఫోన్ చేశాను."

"మా ఇంటికొచ్చావు."

"ఫోటో కోసం..."

"ఫోటో కోసం అంత దూరం నడిచొచ్చావు. దాన్ని ఒక్క మాట అడగడానికి ఆస్పత్రికి వెళ్లలేదు."

 ముందున్న ఫోన్లలో ఒకటి మోగింది. చూసి, ఆపాడు.

"పోయినవారం వడ్రంగిని కొట్టారని రాశారు మీ పేపర్లో," అంది తల్లి. "మా ఆయనకి చెక్క కోసిచ్చేది అతనే, అందుకని చదివించుకున్నా. అతనేం కట్టుకున్నాడో రాయలేదు. పదహారేళ్లప్పుడు ఎలా ఉన్నాడో వేయలేదు. వేషం అంటే నాటకం అయ్యాక కడుక్కునేది కదా బాబూ. తొమ్మిదేళ్లయింది. నా బిడ్డ కడుక్కోలేదు."

 రిపోర్టరు వయసు ముప్పై ఉండదు. కుర్చీని కంప్యూటరు వైపు జరుపుకున్నాడు.

"ఆ పొడిచినవాణ్ణి ఇవాళ కోర్టులో పెట్టారు. రేపటికి వార్త ఎలాగూ ఉంది. ఆరున్నరకి పేజీ వెళ్లిపోతుంది. నేను రాసింది చదువుతాను, తప్పుంటే చెప్పండి." చదివాడు. "‘యువకుడిపై దాడి కేసులో నిందితుడికి రిమాండ్...’"

"టైలరుపై," అంది పెద్దమ్మాయి.

కొట్టేశాడు. రాశాడు. "‘బాధితుడు’... బాధితురాలు అంటాను. మరి, మేడం, ట్రాన్స్‌జెండర్ అని రాయాలా వద్దా? రాస్తే ఒక బాధ, రాయకపోతే దాచారంటారు. నిజంగా తెలీకే అడుగుతున్నాను."

"లోపల ఒక్కసారి రాయండి, ట్రాన్స్ మహిళ అని. దాచుకునే పనేం లేదు దానికి. హెడ్డింగులో పెట్టి దుకాణం బోర్డులా వేలాడదీయకండి. పొడిచినవాడేం చేశాడో అది పెట్టండి అక్కడ."

"సరే. పేరు?"

పెద్దమ్మాయి నోరు తెరిచింది. తల్లి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ కాదు," అంది. "అతని కంటే ముందు నేను వినాలి."

ఇద్దరూ బయట మెట్ల దగ్గరికొచ్చారు. కింద మందుల షాపులో ఎవరో దగ్గు మందు బేరమాడుతున్నారు. పెద్దమ్మాయి వంగి తల్లి చెవిలో చెప్పింది. తల్లి కళ్లు మూసుకుంది. పెదాలు కదిలించి, లోపలే ఒకసారి పలికి చూసుకుంది. మళ్లీ ఇంకొకసారి, కొంచెం పైకి.

"ఎవరు పెట్టారు?"

"అదే పెట్టుకుంది."

"బావుంది." ఆవిడ గోడకానుకుంది. "నేనైతే ఇంత మంచిది పెట్టేదాన్ని కాదు."

లోపలికొచ్చి పేరు తనే చెప్పింది. అతను టైపు చేసి, సరేనా అని తెర అటు తిప్పాడు. ఆవిడ దగ్గరగా వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తలూపింది.

అతను ఫోన్ తీసి డెస్కుకు మాట్లాడాడు. అవతలివాళ్లు ఏదో అన్నారు. ఇతను రెండుసార్లు లేదన్నాడు. ఒకసారి అవునన్నాడు. చివరికి ఫోన్ కింద పెట్టాడు.

"పేరు, రాత అన్నీ ఒప్పుకున్నారమ్మా. ఒక్క చిక్కుంది. పేజీలో ఫోటోకి చోటు వదిలేశారు. ఇప్పటి ఫోటో పంపిస్తే అది వేస్తారు. లేకపోతే వాళ్ల కంప్యూటర్లో ఉన్నదే మళ్లీ వేస్తారు."

"ఆ మీసాలదా?"

"అదే."

గోడ గడియారంలో ఆరూ పది.

పెద్దమ్మాయి తన ఫోన్ తీసింది. వేలితో చాలా వెనక్కి జరుపుకుంటూ వెళ్లింది. ఒకచోట ఆగింది. తల్లి చేతిలో పెట్టింది.

ఆకుపచ్చ చీర. షాపు గుమ్మంలో నిలబడి, మెడలో కొలత టేపు. జుట్టు ముడేసుకుని, ఎవరో ఏదో అంటే నవ్వు ఆపుకుంటున్నట్టుంది. తల్లి ఫోన్‌ను రెండు చేతుల్తో పట్టుకుంది. తెర చీకటైపోయింది. పెద్దమ్మాయి వేలితో తట్టింది. మళ్లీ వచ్చింది. మళ్లీ చీకటైంది. మళ్లీ తట్టింది.

"మా అమ్మ," అంది తల్లి. "పక్కకు తిరిగి నవ్వడం అచ్చం మా అమ్మ."

"నాకు పంపించండి మేడం, రెండు నిమిషాల పని," అన్నాడు రిపోర్టరు.

పెద్దమ్మాయి చెయ్యి చాచింది. తల్లి ఇవ్వలేదు.

"అమ్మా. టైమవుతోంది."

"ఒకసారి అడక్కుండా ఇచ్చాను," అంది తల్లి. "ఇప్పుడూ అడక్కుండా ఇమ్మంటావా?"

"అది మనతో మాట్లాడదమ్మా. పొద్దున విన్నావుగా. ఇది ఇవ్వకపోతే ఆ పాతదే పడుతుంది. రేపు మళ్లీ అదే చూసుకోవాలి అది. అప్పుడింక జన్మలో నిన్ను రానివ్వదు."

"తెలుసు. ఫోన్ కలుపు."

పెద్దమ్మాయి అదే ఫోన్ తీసుకుని కలిపింది. అవతల కాజాలక్క ఎత్తింది. పెద్దమ్మాయి చెప్పింది. అవతల చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి చెయ్యి తీశారు.

"వద్దంటోంది."

తల్లి ఫోన్ తీసుకుంది. "అమ్మా, నువ్వు దాని చెవి దగ్గర పెట్టు, చాలు. అది మాట్లాడక్కర్లేదు."

అవతల మంచం కిర్రుమంది. ఎక్కడో ట్రాలీ వెళ్తున్న చప్పుడు. తర్వాత ఊపిరి. తల్లికి ఆ ఊపిరి తెలుసు. చిన్నప్పుడు రెండేళ్లు ఆయాసంతో బాధపడిన పిల్ల ఊపిరి.

"ఆ ఫోటో ఇచ్చింది నేను," అంది తల్లి. "మీ నాన్న కాదు. అక్క కాదు. అందంగా ఉంటావని ఇచ్చాను. రక్తంతో ఉన్నది వేస్తారంటే భయమేసి ఇచ్చాను. ఇంకోటి నా దగ్గర లేదు. తప్పే."

ఊపిరి అలాగే ఉంది.

"రేపటికి మంచిగా రాశాడీ అబ్బాయి. నీ పేరు నేనే చెప్పాను." ఆవిడ ఆ పేరు పలికింది. మొదటిసారి, ఆ పేరు గల మనిషికే. "కొత్త ఫోటో లేకపోతే ఆ పాతదే మళ్లీ వేస్తారట. అక్క ఫోన్లో ఒకటుంది. ఇవ్వాలా వద్దా, నువ్వు చెప్పు. వద్దంటే ఇవ్వను."

రిపోర్టరు గడియారం వైపు చూశాడు. ఆరూ ఇరవై నాలుగు. మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అవతల కాజాలక్క ఎవరితోనో మెల్లగా, ఉండండమ్మా అంటోంది.

తర్వాత గొంతు వచ్చింది. తొమ్మిదేళ్ల కిందటి గొంతు కాదు. కానీ తల్లి వేరే ఎవరిదో అనుకోలేదు.

"ఏ ఫోటో?"

"ఆకుపచ్చ చీరది. షాపు ముందర."

మళ్లీ ఊపిరి.

"అందులో నేనెలా ఉన్నానమ్మా?"

తల్లికి చెప్పాలని ఉంది. మొత్తం చెప్పాలని ఉంది. చీర అంచు ఏ రంగో, చెవులకేం పెట్టుకుందో, చూసి చూసి చెప్పాలని ఉంది. కానీ ఫోటో ఉన్నది ఆ ఫోన్లోనే. చూడాలంటే దాన్ని చెవి మీంచి తీయాలి.

ఆవిడ తీయలేదు. రెండో చెయ్యి కూడా తెచ్చి ఫోన్‌ను చెవికింకా గట్టిగా అదుముకుంది. పెద్దమ్మాయి ఎదురుగా నిలబడి, ఏమంటోందమ్మా, ఇవ్వమందా, అని పెదాలతోనే అడుగుతోంది.

ఆరున్నరకు ఇంకా మూడు నిమిషాలున్నాయి.